నర్సరీ మొక్కల వేరుకుళ్లు: ఎడ్విన్ బట్లర్ జీవితం నుంచి రైతు నేర్చుకోవాల్సినవి

వేమగిరి నుంచి కడియపులంక మీదుగా జొన్నాడ వరకు, వంతెన దాటితే రావులపాలెం వరకు, హైవేకి అటూ ఇటూ నర్సరీలు చూస్తూ తిరిగే రైతులకు ఈ తెగులు కొత్త కాదు. ముసురు పట్టిన వారం రోజుల్లో నారుమడిలో అక్కడక్కడా మొలకలు మొదట్లో మెత్తబడి పడిపోతాయి. కవర్లలో ఉన్న క్రిస్మస్ చెట్టు (అరకేరియా), తూజా, సైప్రస్ మొక్కలు ముందు పచ్చదనం తగ్గి, తర్వాత కింది నుంచి గోధుమరంగుకు తిరుగుతాయి. కవరు చింపి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేళ్లు నల్లగా ఉంటాయి. సరుగుడు నారుకైనా, కొబ్బరి, కోకో, బొప్పాయి మొక్కలకైనా ఇదే గతి పడుతుంది.

అప్పుడు మీరు చేసే మొదటి పని మందుల కొట్టుకు వెళ్లడం. కొట్లో ఇచ్చిన మందు కలిపి పోస్తారు. ఒకసారి తగ్గుతుంది, మరోసారి తగ్గదు. మందు పనిచేయని చోట చాలాసార్లు లోపం మందులో ఉండదు. తెగులు ఏదో తేల్చకుండా పోయడంలో ఉంటుంది, మడిలో నిలిచిన నీటిని అలాగే వదిలేయడంలో ఉంటుంది. ఈ రెండు విషయాలనూ మన దేశంలో నూరేళ్లకు ముందే పరిశోధించి చెప్పిన శాస్త్రవేత్త ఎడ్విన్ జాన్ బట్లర్. మన దేశంలో మొక్కల తెగుళ్ల శాస్త్రానికి పితామహుడని ఆయనకు పేరు. ఆయన పేరు ప్రపంచమంతా తెలియడానికి కారణమైన పనుల్లో ఒకటి మన గోదావరి డెల్టా తాటిచెట్ల మీద జరిగింది. ఆయన జీవితం తెలుసుకుంటే మీ నారుమడిలో ఏం చేయాలో కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

డాక్టరు చదువు, నీటి బూజు మీద ఆసక్తి

బట్లర్ 1874 ఆగస్టు 13న ఐర్లండ్‌లోని కిల్కీ అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. కార్క్ నగరంలోని క్వీన్స్ కాలేజీలో వైద్యం చదివి 1898లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. అయితే మనుషుల వైద్యంలో స్థిరపడలేదు. ఆ కాలేజీలో మార్కస్ హార్టోగ్ అనే ప్రొఫెసర్ నీటిలో పెరిగే బూజుల మీద పరిశోధన చేసేవారు. చేపల చెరువులున్న రైతులు ఈ రకం బూజును చూసే ఉంటారు. గాయపడిన చేప ఒంటి మీద తెల్లని దూదిలా కనిపించే సాప్రోలెగ్నియా అదే. యువకుడైన బట్లర్ దృష్టి ఆ దూది మీద పడింది.

ఈ నీటి బూజుల విత్తనాలకు, అంటే సిద్ధబీజాలకు, చిన్న తోకలుంటాయి. వాటితో అవి నీటిలో ఈదుతాయి. చేప మీద పెరిగే బూజుకు దగ్గరి చుట్టమే మన నారుమడిలో నారుకుళ్లు తెచ్చే పితియం. మరో చుట్టం ఫైటోఫ్తోరా. బట్లర్ పారిస్, ఫ్రైబర్గ్, లండన్ దగ్గరి క్యూ తోటల్లో వృక్షశాస్త్రం నేర్చుకుంటూ ఈ పితియం జాతి మీదే శ్రద్ధ పెట్టారు. 1907లో ఆ జాతి మొత్తం మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించారు. దాని మీద తర్వాత పనిచేసిన వారందరికీ అది పునాది అయింది.

మీరు ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటి. ఈదే సిద్ధబీజానికి నీటి పొర కావాలి. మట్టి రేణువుల మధ్య నీరు నిండి ఉంటేనే అది ఒక వేరు నుంచి ఇంకో వేరుకు చేరుతుంది. నీరు దిగిపోయిన మట్టిలో దాని ప్రయాణం ఆగిపోతుంది. వేరుకుళ్లు నివారణలో సగం ఇక్కడే ఉంది.

డెహ్రాడూన్ నుంచి పూసాకు

ఆ రోజుల్లో మన దేశంలో పంట తెగుళ్లు చూడటానికి ప్రత్యేకంగా శాస్త్రవేత్త అంటూ లేరు. 1901లో బట్లర్ ఆ పని మీద కలకత్తా చేరారు. హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో పని మొదలుపెట్టి, 1902లో డెహ్రాడూన్‌కు మారారు. అడవుల శాఖకు డెహ్రాడూన్ కేంద్రం. చుట్టూ దేవదారు, పైన్ అడవులున్న ఆ కొండల అంచున ఉంటూ ఆయన పంటల తెగుళ్లతో పాటు అడవి చెట్లను పట్టే శిలీంద్రాలను కూడా సేకరించి వాటిపై రాశారు.

పైన్, దేవదారు వంటి సూదిమొన ఆకుల చెట్ల నారు ప్రపంచంలో ఎక్కడ పెంచినా మొదటి కొన్ని వారాలే గండం. పితియం, రైజోక్టోనియా, ఫ్యుజేరియం అనే మూడింటిలో ఏదో ఒకటి లేదా రెండు మూడు కలిసి మొలకను పడగొడతాయి. గింజ మట్టి పైకి రాకముందే కుళ్లితే, విత్తనం మంచిది కాదనుకుని అమ్మినవాడిని తిట్టుకుంటాం. నిజానికి అది కూడా చాలాసార్లు నారుకుళ్లే. మన వైపు అరకు కొండల్లో పైన్ నారుకైనా, మైదానంలో అరకేరియా నారుకైనా పట్టే జబ్బు ఇదే.

1905లో బీహార్‌లోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడింది. బట్లర్ అక్కడ తెగుళ్ల విభాగానికి అధిపతి అయ్యారు. దేశం నలుమూలల నుంచి తెగులు పట్టిన ఆకులు, కాండాలు, వేళ్లు తెప్పించి, ఎండబెట్టి, పేరు, ఊరు, తేదీ రాసి భద్రపరిచే భాండాగారం నెలకొల్పారు. 1934 భూకంపంలో పూసా దెబ్బతిన్నాక సంస్థ ఢిల్లీకి మారింది. ఆ సేకరణ ఇప్పటికీ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఉంది.

గోదావరి తాటిచెట్ల మొవ్వుకుళ్లు

ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు వరసగా చచ్చిపోతున్నాయి. మొవ్వులో లేత ఆకు వాడి, రంగు మారి, లాగితే ఊడి చేతికి వచ్చేది. లోపల మొవ్వు కుళ్లి దుర్వాసన కొట్టేది. కొద్ది నెలలకు తల రాలి మోడు మిగిలేది. కొన్నిచోట్ల కొబ్బరిని, పోకను కూడా ఇదే పట్టింది. తాటిచెట్టు అంటే ఆనాటి పేద కుటుంబానికి కల్లు, బెల్లం, ముంజలు, తేగలు, ఇంటి కప్పుకు ఆకు, దూలానికి మాను. చెట్టు పోతే ఇల్లు గడవడమే కష్టం.

బట్లర్ ఈ తెగులును పట్టి పరిశోధించారు. ఆకు తొడిమల అడుగున, వెలుపలి మట్టల మీద మొదట చిన్న మచ్చ పడుతుంది. అది ఒక మట్ట నుంచి లోపలి మట్టకు, అక్కడి నుంచి ఇంకా లోపలికి పాకి చివరికి మొవ్వును చేరుతుంది. మొవ్వు కుళ్లి వాసన వచ్చేనాటికి అసలు దోషి పని ముగించి, దాని వెనుక వచ్చిన సూక్ష్మజీవులు కుళ్లును పెంచుతుంటాయి. కుళ్లులో కనిపించిన ప్రతిదాన్నీ కారణమనుకుంటే పొరపాటు పడతాం. ఆయన తొలి మచ్చ దగ్గరికి వెళ్లి వెతికారు. అక్కడ దొరికింది తాను కాలేజీ రోజుల నుంచి ఎరిగిన నీటి బూజు వర్గానికి చెందినదే. 1907లో దానికి పితియం పామివోరం అని పేరు పెట్టారు. 1910లో మన దేశంలో తాటి జాతుల మొవ్వుకుళ్లు మీద వివరమైన నివేదిక ప్రచురించారు. 1919లో దాన్ని ఫైటోఫ్తోరా జాతిలోకి తానే మార్చారు. ఈ రోజు ప్రపంచమంతా ఫైటోఫ్తోరా పామివోరా అని పిలిచేది దీన్నే. శాస్త్రీయ నామం చివర ఇప్పటికీ బట్లర్ పేరు రాస్తారు.

మీ కొబ్బరి తోటలో మొవ్వుకుళ్లు తెచ్చేది, కొబ్బరి మధ్య వేసిన కోకోలో కాయ నల్లబడి కుళ్లడానికి కారణమయ్యేది, కోకో, బొప్పాయి నారును పడగొట్టే వాటిలో ఒకటి కూడా ఇదే ఫైటోఫ్తోరా పామివోరా. నూరేళ్ల కిందట తాటి మొవ్వులో చూసింది ఇప్పుడు మీ పాలిథిన్ కవరులో ఉండొచ్చు.

ఆ రోజుల్లో తాటిచెట్టుకు ఎక్కించే మందులు లేవు. తెగులు సోకిన చెట్ల తలలు నరికి కాల్చడమే మార్గమైంది. చెట్టు యజమానికి అది కష్టమే. పూర్తిగా చావని చెట్టును నరకమంటే ఎవరి మనసు ఒప్పుకుంటుంది? అయినా తెగులు సోకిన చెట్టు నిలబడి ఉన్నంతకాలం ప్రతి వానకూ పక్క చెట్టుకు అంటుతూనే ఉంటుంది. మద్రాసు ప్రభుత్వం మనుషులను పెట్టి ఏళ్ల తరబడి ఈ పని చేయించింది. బట్లర్ తర్వాత మెక్రే అనే శాస్త్రవేత్త ఈ కార్యక్రమాన్ని చూసి, 1923లో దాని చరిత్ర రాశారు. ఇలాంటి తెగుళ్లనూ పురుగులనూ అదుపు చేయడానికి మద్రాసు రాష్ట్రంలో 1919లో ఒక చట్టం కూడా వచ్చింది.

కంది ఎండు తెగులు, ఆముదం మొలక తెగులు

నీటి బూజులు ఎరిగిన వాడైనా బట్లర్ ప్రతి వేరు జబ్బునూ నీటి బూజుకు అంటగట్టలేదు. కంది ఎండు తెగులు మీద పనిచేసి, దానికి కారణం మట్టిలో ఉండే వేరే శిలీంద్రమని తేల్చి, 1910లో ఫ్యుజేరియం ఉడమ్ అని పేరు పెట్టారు. ఇది వేరు నుంచి కాండంలోని నీటి గొట్టాల్లోకి ఎక్కి వాటిని మూసేస్తుంది. అందుకే నేలలో పదును ఉన్నా మొక్క ఎండిపోతుంది. తూర్పు బెంగాల్ వరిలో ఉఫ్రా అనే జబ్బును చూసినప్పుడు శిలీంద్రం కాదు, కంటికి కనిపించని నులిపురుగు కారణమని 1913లో తేల్చారు.

ఆయన దగ్గర పూసాలో పనిచేసిన జె.ఎఫ్. దస్తూర్ 1913లో ఆముదం లేత మొక్కలను చంపే ఫైటోఫ్తోరాను మొదటిసారి వర్ణించారు. మరో సహాయకుడు సుబ్రమణ్యం అల్లం, పొగాకు, బొప్పాయిలను కుళ్లబెట్టే పితియం ఒకదాన్ని 1919లో వర్ణించి, దానికి బట్లర్ పేరు మీదే పితియం బట్లరీ అని పేరు పెట్టారు. లేత మొక్క మొదలు కుళ్లు మీద పని ఆయన శిష్యుల చేతుల్లో ముందుకు సాగింది.

తెగులు కంటే ముందు వాహనం ఎక్కేది మొక్క

1918లో భారతదేశ పంటల తెగుళ్ల మీద పెద్ద పుస్తకం వెలువరించి, 1920లో బట్లర్ ఇంగ్లండ్ వెళ్లారు. క్యూలో కొత్తగా పెట్టిన ఇంపీరియల్ బ్యూరో ఆఫ్ మైకాలజీకి మొదటి డైరెక్టర్ అయ్యారు. ఏ దేశంలో ఏ తెగులు కనబడినా మిగతా దేశాలకు తెలియజేయడం ఆ సంస్థ పని. అందుకోసం 1922 నుంచి ఒక పత్రిక నడిపారు. 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1939లో సర్ బిరుదు వచ్చాయి. 1935 నుంచి 1941 వరకు బ్రిటన్ వ్యవసాయ పరిశోధన మండలి కార్యదర్శిగా పనిచేశారు. 1943 ఏప్రిల్ 4న కన్నుమూశారు. ఎస్.జి. జోన్స్‌తో కలిసి రాసిన మొక్కల తెగుళ్ల పాఠ్యగ్రంథం ఆయన పోయాక 1949లో వెలువడింది.

క్యూలో ఆయన చేసిన పనికి మూలం ఒక్కటే. తెగులు తనంతట తాను మట్టిలో నడిచే దూరం తక్కువ. దాన్ని దూరాలకు మోసుకెళ్లేది మనం పంపే మొక్క, మొక్కతో వెళ్లే మట్టి. ఓడల మీద దేశాలు దాటే మొక్కల గురించి ఆనాడు పడిన ఆందోళన ఈ రోజు మన లారీలకు అలాగే వర్తిస్తుంది. గోదావరి జిల్లాల నర్సరీ మొక్క ఒడిశాకూ, కర్ణాటకకూ, మహారాష్ట్రకూ వెళుతోంది. వేరుకుళ్లు ఉన్న మడిలో పైకి పచ్చగా కనిపించే మొక్కను ఎంచి అమ్మితే, కొన్న రైతు పొలంలో రెండు నెలలకు అది చస్తుంది. ఆ మట్టితో వెళ్లిన తెగులు అక్కడ ఏళ్ల పాటు ఉంటుంది. చిన్న నర్సరీకి ఉన్న ఆస్తి నమ్మకం ఒక్కటే. ఒక మడి పారబోయడం నష్టమే, కానీ ఆ నష్టానికి లెక్క ఉంటుంది. పోయిన పేరుకు లెక్క ఉండదు.

ముందు తెగులు ఏదో తేల్చుకోండి

అనుమానం ఉన్న ఐదారు మొక్కలను పీకకుండా, మట్టితో సహా తీసి నీటిలో మెల్లగా కడిగి చూడండి. పూర్తిగా చచ్చిన మొక్కను కాదు, అప్పుడే వాడుతున్న మొక్కను తీయండి.

• వేరు మెత్తబడి, వేళ్ల మధ్య పెట్టి లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మిగిలితే పితియం లేదా ఫైటోఫ్తోరా అని అనుమానించండి. ముంపు, నీరు నిలిచిన చోట ఎక్కువగా వస్తుంది.

• మొదలు దగ్గర కాండం పొడిగా, గోధుమరంగులో తీగలా సన్నబడితే రైజోక్టోనియా కావచ్చు. దీనికి నీరు నిలవాల్సిన పని లేదు. కిక్కిరిసిన మడిలో గుండ్రటి పాయలుగా పాకుతుంది.

• కాండాన్ని నిలువుగా చీలిస్తే లోపల గోధుమరంగు గీతలు కనిపించి, మొక్క ఒకవైపు నుంచి వాడితే ఫ్యుజేరియం కావచ్చు.

• సరుగుడు వేళ్ల మీద గట్టిగా ఉండే చిన్న బుడిపెలు తెగులు కాదు. గాలిలోని నత్రజనిని పట్టే మేలు చేసే బుడిపెలవి. వాటిని చూసి మందు పోయవద్దు.

కంటి చూపుతో తేలకపోతే, మొక్కను మట్టితో కవరులో పెట్టి రైతు సేవా కేంద్రం ద్వారా గానీ, నేరుగా గానీ ఉద్యాన అధికారికి చూపండి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కోనసీమ రైతులకు దగ్గర.

నారుమడిలో, కవర్లలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

• నారుమడి నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున చేసి, చుట్టూ కాలువ తీయండి. కవర్లను నేరుగా నల్లమట్టి మీద పేర్చవద్దు. కంకర, ఇసుక పరచి లేదా గట్టి మీద పెట్టండి. ప్రతి కవరుకు అడుగున, పక్కల కంతలు తెరుచుకుని ఉండాలి.

• లంక ఒండ్రు మట్టి ఒక్కటే నింపితే నీరు దిగదు. ఇసుక, బాగా మాగిన కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు కలపండి. వరదకు మునిగిన చోటి మట్టిని, తెగులు వచ్చిన పాత కవర్ల మట్టిని మళ్లీ వాడవద్దు.

• ఏప్రిల్, మే నెలల్లో మట్టిని తడిపి, పల్చటి పారదర్శక పాలిథిన్ షీటు కప్పి అంచులు మూసి 4 నుంచి 6 వారాలు ఎండబెట్టండి. మందు లేకుండానే మట్టిలోని తెగులు చాలావరకు తగ్గుతుంది.

• 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండికి 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో గోనెపట్టా కప్పి, తేమ ఆరకుండా వారం పది రోజులు ఉంచి మట్టి మిశ్రమంలో కలపండి.

• సాయంత్రం కాకుండా ఉదయం నీరు పెట్టండి. వేలు గుచ్చి చూసి తేమ ఉంటే ఆ పూట ఆపండి. ముసురు రోజుల్లో నారు మీద వాన నేరుగా పడకుండా పైన పాలిథిన్ కప్పు వేయండి, పక్కలు తెరిచి ఉంచండి.

• గింజలు ఒత్తుగా చల్లవద్దు. మొలకలు గట్టిపడే వరకు యూరియా వేయవద్దు.

• అరకేరియా, తూజా, పైన్ వంటి మొక్కలకు కొద్దిగా ఆమ్ల గుణం ఉన్న మట్టి నచ్చుతుంది. వాటి మడిలో బూడిద, సున్నం కలిపితే నారుకుళ్లు పెరుగుతుంది.

తెగులు కనబడ్డాక

మొదట నీరు ఆపండి. తెగులు సోకిన మొక్కలను, చుట్టూ ఒక వరస ఆరోగ్యంగా కనిపించే వాటినీ మట్టితో సహా తీసి కాల్చండి లేదా దూరంగా లోతుగా పూడ్చండి. నీరు పారే కాలువలో వేయవద్దు. అది పక్క మడికి, పక్క రైతుకు పంపినట్టే.

పితియం, ఫైటోఫ్తోరా అనుమానం ఉంటే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ లేదా 2 గ్రాముల మెటలాక్సిల్, మాంకోజెబ్ మిశ్రమ మందు కలిపి మొదళ్లు తడిచేలా పోయండి. రైజోక్టోనియా, ఫ్యుజేరియం అయితే లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్ పోయవచ్చు. కార్బెండజిమ్ నీటి బూజుల మీద పనిచేయదు. నీటి బూజులు అసలైన శిలీంద్రాల వర్గం కావని ఈ రోజు శాస్త్రం చెబుతోంది. ఒకే మందు ఒకసారి తగ్గించి మరోసారి తగ్గించకపోవడానికి ముఖ్య కారణం ఇదే. కొనేముందు డబ్బా మీది వివరం చదివి, మీ మొక్కకు వాడవచ్చో లేదో అధికారిని అడగండి. రసాయన మందు పోసిన తర్వాత 15 రోజుల ఎడం ఇచ్చాకే ట్రైకోడెర్మా వాడండి.

ఆ మడి నుంచి 4 వారాల పాటు ఒక్క మొక్క కూడా అమ్మవద్దు. ఆ మడిలో వాడిన పార, బుట్ట, క్యాను కడిగి ఎండలో ఆరబెట్టిన తర్వాతే వేరే మడికి తీసుకెళ్లండి. ఏ మడిలో ఎప్పుడు తెగులు వచ్చింది, ఏ మట్టి వాడారు, ఏం పోశారు అన్నది ఒక నోటుపుస్తకంలో తేదీతో రాసుకోండి. వచ్చే వానాకాలానికి ముందు ఆ పుస్తకం తీసి చూస్తే, ఏ మూల నీరు నిలుస్తోందో, ముందుగా కాలువ ఎక్కడ తవ్వాలో మీకే తెలుస్తుంది.